ఉండే ఒంటికే కుట్టిన ఖాలా

పోయిన నెల ఒక శుక్రవారం పొద్దున, ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకు జీర్ణవ్యవస్థ పాఠం చెబుతుండగా బల్ల మీద పెట్టిన నా ఫోన్ మూడుసార్లు వెలిగి ఆరింది. మునెమ్మ పేరు. క్లాసు వేళలో ఫోన్ చేసే మనిషి కాదామె. చాక్‌పీసు పక్కన పెట్టి వరండాలోకి వచ్చి తీశాను.

"మేడమ్, ఖాలా పొయ్యింది" అంది మునెమ్మ. "తెల్లారి నమాజుకి లేయలేదంట. కోడలు పోయి తట్టి లేపితే ఇంకేముండాది. జుమ్మా నమాజు అయినాక తీస్కపోతామంటాండారు. సూసుకోవాలంటే ఇప్పుడే రా."

మళ్లీ క్లాసులోకి వెళ్లి పిల్లలకు ఏం చెప్పానో నాకు గుర్తులేదు. బోర్డు మీద జీర్ణాశయం బొమ్మ సగమే గీసి ఉంది. ఇరవై ఏళ్లుగా గీస్తున్నాను ఆ బొమ్మ. ఆకలంటే ఏమిటో, కడుపు నిండటమంటే ఏమిటో అది నాకు ఒక్కనాడూ నేర్పలేదు. మదనపల్లెలో ఒక సందులో, మూడు కుట్టుమిషన్లు పట్టే గదిలో, ఐదో తరగతితో బడి మానేసిన ఒక పెద్దామె నేర్పింది. ఆమె గురించి నాలుగు మాటలు రాయకపోతే నాకు తిన్నది అరగదు.

ఖాలా అంటే ఉర్దూలో పిన్ని. ఆ వీధిలో హిందువులకూ ముస్లింలకూ, బడిపిల్లలకూ వాళ్ల అమ్మలకూ అందరికీ ఆమె ఖాలాయే. ఆడవాళ్ల బట్టలు కుట్టేది. మునెమ్మ ఆమె దగ్గరే ముప్పై ఏళ్లుగా చేతికుట్టు పని చేస్తోంది. షాపుకి బోర్డు లేదు. తలుపు మీద ఆకుపచ్చ తెర ఒకటి ఉండేది, అదే గుర్తు.

మన ఊళ్లలో దర్జీ కొలతలు ఎలా తీస్తాడో ఆడవాళ్లకు చెప్పనక్కర్లేదు. మెడలోంచి టేపు తీస్తాడు, "ముప్పై తొమ్మిది!" అని గట్టిగా చెబుతాడు, లోపల మిషన్ దగ్గరున్నవాడు రాసుకుంటాడు, వెనక వరసలో నిలబడ్డ నలుగురూ వింటారు. ఖాలా అట్లా అనగా నేను వినలేదు. తెర లాగి, టేపు చుట్టి, పెదవి కదపకుండా తనే పుస్తకంలో రాసుకునేది. మనకు మనుషులు ఎదురుపడగానే "ఏంది ఇంత ఒళ్లు చేసినావు" అనో, "ఏంది ఇట్ల చిక్కిపోయినావు" అనో పలకరించడం అలవాటు. అది పలకరింపే, తిట్టు కాదు. కానీ ఖాలా నోట్లోంచి ఆ రెండు మాటల్లో ఏదీ పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా రాలేదు. అది ఆమె స్వభావం అనుకునేదాన్ని. స్వభావం కాదు, ఆమె తనకు తాను పెట్టుకున్న కట్టడి అని తర్వాత తెలిసింది.

పన్నెండేళ్ల కిందట మా తమ్ముడి పెళ్లికి పట్టుజాకెట్టు కుట్టించుకోవడానికి మొదటిసారి ఆ తెర జరిపి లోపలికి వెళ్లాను. కొలతలు తీశాక, చాలా తెలివైనదానిలా చెప్పాను. "ఖాలా, రెండించీలు తగ్గించి కుట్టు. పెళ్లికి ఇంకా నెలుంది. ఆలోపల తగ్గిపోతాను."

ఆమె టేపు చుట్టి బల్ల మీద పెట్టింది. "ఉండే ఒంటికి కుడతానమ్మా. రాబొయ్యే ఒంటికి కుట్టను. అది వచ్చినాక తీస్కరా, అప్పుడు కుడతా."

నాకు ఒళ్లు మండింది. అడిగినట్టు కుట్టడం ఆమె పని, నా ఒంటి మీద ఆమె పెత్తనమేంటి? చీర లాక్కుని ఇంకో షాపుకి వెళ్లాను. వాళ్లు మారు మాట్లాడకుండా నేను చెప్పినట్టే కుట్టిచ్చారు. ఆ నెలంతా నేను తిన్నదేమిటో తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. పొద్దున వేడినీళ్లలో నిమ్మకాయ, మధ్యాహ్నం కీరదోసకాయ, సాయంత్రం కోపం. పెళ్లిరోజున జాకెట్టు పై రెండు హుక్కులు పట్టలేదు. రోజంతా కొంగు కప్పుకుని ఫొటోలకు నవ్వాను. మూడో రోజు పుంగనూరులో మా పుట్టింటి సామాన్ల గదిలో, తలుపు దగ్గరికి వేసుకుని, మిగిలిన లడ్లు నిలబడి తిన్నాను. ఎన్ని తిన్నానో నాకూ తెలియదు. రుచి కూడా తెలియలేదు.

ఆ జాకెట్టు పట్టుకుని మళ్లీ ఖాలా దగ్గరికే వచ్చాను. "చెప్పినా కదా" అంటుందని పళ్లు బిగబట్టుకుని నిలబడ్డాను. ఆమె జాకెట్టు అందుకుంది. స్టూలు చూపించి కూర్చోమంది. సూదిలో దారం ఎక్కిస్తూ, నాకేసి చూడకుండా చెప్పింది.

"కుప్పంలో ఒక పెళ్లి. ఆ పిల్లకి నేనే కుట్టినా. నీ మాదిరే అడిగింది, మూడించీలు తగ్గించమని. నేను కుట్టి ఇచ్చేస్తి. అడిగినట్ల కుట్టేది నా పని, నాకేంది అనుకుంటి. దాంట్లో పట్టేదానికి ఆ పిల్ల ఇరవై దినాలు మజ్జిగ నీళ్లు తాగింది. పెళ్లికి నన్ను గూడా పిలిచినారు, పొయ్యినా. పీటల మీద కూసున్న పిల్ల అట్లే కండ్లు తేలేసింది. జాకెట్టు ఒంటికి బిగుసుకోని ఉండాది, హుక్కులు రావు. ఎవరో కత్తెర తెచ్చి నా చేతికే ఇచ్చినారు. నేను ఏసిన కుట్లు నేనే కత్తిరిస్తి, అంతమంది ఆడోళ్ల నడిమిన. అప్పుడు ఆ పిల్ల ఊపిరి పీల్చుకున్న సద్దు ఇప్పటికీ నాకు ఇనపడతాది."

"ఆ పిల్లకేమైంది ఖాలా?"

"ఏం కాలా. నీళ్లు తాగిపిచ్చి, బెల్లంముక్క నోట్లో పెట్టి, ఏరే జాకెట్టు తొడిగి తాళి కట్టిచ్చినారు. బాగుండాది, ఇద్దరు బిడ్డలు. తప్పు ఆ పిల్లది కాదు టీచరమ్మా. లేని ఒంటికి బట్ట కుట్టి ఇచ్చింది నేను."

నేను నోరు తెరుచుకుని విన్నాను. ఇంకెవరైనా అయితే ఆ కథను ఆ పిల్ల బుద్ధితక్కువతనంగా చెప్పి ఉండేవాళ్లు. ఒక జాకెట్టు విషయంలో ఒక మనిషి ఇంత బాధ్యత మీద వేసుకుంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

నేను లెక్చరర్‌నని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు టీచరమ్మనే. మా ఇల్లు రెండు వీధుల అవతల. మెల్లగా నాకు ఆ గదికి వెళ్లి కూర్చోవడం అలవాటైంది. ముఖ్యంగా మధ్యాహ్నం ఒంటిగంటకు. ఆ టైముకి మూడు మిషన్లూ ఆగిపోయేవి. ఎంత పెద్ద పెళ్లి ఆర్డరున్నా సరే. గుడ్డపీలికలు ఊడ్చి, చాప పరిచి, ఎవరి క్యారియర్లు వాళ్లు తెరిచేవాళ్లు. మునెమ్మ రాగిసంగటి, ఊరుబిండి పచ్చడి తెచ్చేది. ఖాలా ఇంటి నుంచి అన్నం, పుల్లటి ఖట్టా, ఒక్కోరోజు ఖీమా వచ్చేది. చాప మీద ఒకే ఒక్క కట్టుబాటు. ఎవరూ ఎవరినీ "తిను" అనకూడదు, "ఇంక చాలు" అనకూడదు. వంకాయ కూర బాగుందనొచ్చు, ఉప్పెక్కువైందని తిట్టుకోవచ్చు, ఎవరెంత తిన్నారన్నది మాత్రం మాట్లాడకూడదు. "ఎవురి కడుపు వాళ్లది" అనేది ఖాలా.

నేను నా డబ్బా తీసుకుని వాళ్ల మధ్య కూర్చునేదాన్ని. ఆ ఏడాది నాది అన్నం మానేసిన ఏడాది. అంతకుముందు ఓట్స్ ఏడాది, దానికి ముందు సాయంత్రం ఆరు దాటితే నీళ్లను కూడా అనుమానంగా చూసిన ఏడాది. ప్రతి సోమవారం మొదలుపెట్టేదాన్ని, గురువారానికి భంగమయ్యేది, శుక్రవారం నుంచి ఆదివారం దాకా నన్ను నేను తిట్టుకోవడానికి సరిపోయేది. ఒకరోజు ఖాలా నా డబ్బాలోకి చూసి అడిగింది.

"ఆ దోసకాయ ముక్కలు నీకు ఇష్టమా?"

"అబ్బే, ఇష్టమేం కాదు."

"మరి యాల తెచ్చుకుంటాండావు దినామూ?"

ఎగతాళి లేదు ఆ గొంతులో. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసినదాన్ని, గ్లాసెత్తి నీళ్లు తాగాను.

రంజాన్ నెలలో ఆ చాప పరిచేవారు కానీ ఖాలా మిషన్ మీదే ఉండేది. మంచినీళ్లు కూడా ముట్టని ఉపవాసం. ఆ నెల నాకు ఆమె మీద కొంచెం ఆశ పుట్టింది. "చూడు ఖాలా, నువ్వూ మానేస్తున్నావు కదా తిండి" అన్నాను, ఏదో గెలిచినట్టు. ఆమె మిషన్ ఆపి నవ్వింది. "రోజాకి ఇఫ్తార్ ఉండాది టీచరమ్మా. పొద్దు మునిగితే ఖర్జూరం నోట్లో ఏసుకుంటా, అల్లాకి షుకర్ సెప్పుకుంటా. నీ డైటింగ్‌కి ఇఫ్తార్ ఎప్పుడు? ఎన్నేండ్లయినా పొద్దు మునిగేదే లేదే!"

మునెమ్మ పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికి వెళ్లేటప్పుడు మాత్రం నవ్వు రాలేదు. పదిహేనేళ్లుగా నేను ఉపవాసం ఉంటున్నాను, అది ముగిసేది ఎప్పుడో నాకే తెలియదు.

ఖాలా తినడం చూడాలి. నేను తినేదంతా ఒక తప్పు చేసినట్టో, ఒక పరీక్ష రాసినట్టో ఉండేది. ఆమెది అట్లా కాదు. ఒకసారి పుంగనూరులో ఆమె అన్నకొడుకు పెళ్లికి తీసుకెళ్లింది. మా ఇద్దరి పుట్టినూరూ పుంగనూరే కాబట్టి నన్ను తన తరఫు మనిషిగా లెక్కేసుకునేది. దస్తర్‌ఖాన్ అనే భోజనాల గుడ్డ మీద బిర్యానీ పళ్లెం పెట్టారు. ఆమె ముందు వాసన చూసింది, కళ్లు మూసుకుని. తర్వాత మాటలన్నీ ఆపేసి తింది. రెండోసారి అడిగి వేయించుకుంది. నేను మనసులో లెక్కలు వేసుకుంటూ మెతుకులు కెలుకుతున్నాను. ఇంతలో ఆమె పళ్లెం మీద చేయి అడ్డం పెట్టి "బస్" అంది. పళ్లెంలో మంచి ముక్క ఒకటి ఇంకా ఉంది.

"అంత మంచి ముక్క వదిలేశావే ఖాలా!"

"నా ఆకలి అయిపొయ్యింది, బిర్యానీ అయిపోలా. రెండూ ఒకేతూరి అయిపోవల్లని యాడుండాది?" అని, ఆ ముక్కను కాగితంలో చుట్టి సంచిలో వేసుకుంది. సాయంత్రం బస్సులో మదనపల్లెకు వస్తూ ఆకలేసినప్పుడు అది తీసి హాయిగా తింది. ఆ మధ్యాహ్నమంతా ఆ ముక్క గురించి నేను ఆలోచించాను, ఆమె కాదు.

ఆ బస్సులోనే నేను నా ఒళ్లు గురించి ఏదో ఏడుపు మొదలుపెడితే, కిటికీలోంచి బయటికి చూస్తూ అంది. "మన పుంగనూరు ఆవు ఎంతుంటాది? ఇంతుంటాది, పొట్టిగా. దాన్ని ఎవరన్నా ఒంగోలు ఎద్దు మాదిరి యాల లేవని అడుగుతారా? గడ్డి తింటాది, నీళ్లు తాగుతాది, నీడలో పడుకుంటాది. నువ్వూ పుంగనూరుదానివే గదా."

ఇవన్నీ విని నేను మారిపోయానని మీరనుకుంటే పొరపాటు. నవ్వుకున్నాను, మెచ్చుకున్నాను, సోమవారం మళ్లీ మొదలుపెట్టాను. నేను చేస్తున్నదాన్ని నా ఇంట్లో ఒక జత కళ్లు రోజూ చూస్తున్నాయని గమనించలేదు.

నాలుగేళ్ల కిందట మా అమ్మాయికి పన్నెండేళ్లు. స్కూల్లో యూనిఫాం కొలతల రోజు పిల్లలందర్నీ వరసగా నిలబెట్టి, టేపు పెట్టి, అంకెలు గట్టిగా చదివారట. మా అమ్మాయి అంకె అందరికంటే పెద్దది. వెనకనుంచి నవ్వు. మర్నాటినుంచి ఆ అంకెనే ఆమెకు పేరుగా పెట్టి పిలిచారు. ఇదంతా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నాకు ముందు తెలిసింది టిఫిన్ బాక్సు. దోశలు కుక్కకు వేస్తోంది. రాత్రి అన్నం దగ్గర "స్కూల్లో తినేశాను" అంటోంది. మూడు నెలల్లో మెడ కింద ఎముకలు బయటపడ్డాయి. మెట్లెక్కితే ఆయాసం. నేను బతిమాలాను, అరిచాను, ఒకరోజు చేయి కూడా చేసుకున్నాను. అప్పుడు ఆ పిల్ల ఏడవకుండా నాకేసి చూసి అంది, "నువ్వు తినవు కదమ్మా. నేను తినకపోతే తప్పేంటి?"

పిల్లను వెంటబెట్టుకుని నేరుగా ఖాలా దగ్గరికి వెళ్లాను. పిల్లను బయట మునెమ్మ దగ్గర కూర్చోబెట్టి, తెర వెనక ఆమె చేతులు పట్టుకుని ఏడ్చాను. "నా బిడ్డ నాకు దక్కదేమో ఖాలా."

ఆమె నన్ను ఓదార్చలేదు. "ముందు డాక్టరమ్మ కాడికి తీస్కపో. నేను దర్జీని, డాక్టర్‌ని కాదు. ఆయమ్మ సెప్పిందంతా సెయ్యి. సెలవుల్లో పాపని ఈడికి పంపు, కుట్టు నేర్పిస్తా. ఇంగొకటి. నువ్వు దానికి ఒక్క మాట సెప్పబాక. దాని ముందర నువ్వు తిను. అదే సెయ్యాల్సింది."

డాక్టరమ్మ రక్తం చాలా తక్కువగా ఉందంది. మందులిచ్చింది, పదిహేను రోజులకోసారి రమ్మంది, పిల్లతో ఒంటరిగా మాట్లాడింది. అవన్నీ జరిగాయి, వాటి విలువ వాటికుంది. వేసవి సెలవులు రాగానే అమ్మాయిని ఖాలా దగ్గర దింపాను.

రెండో రోజు నేను వెళ్లేసరికి ఖాలా గది మధ్యలో చేతులు చాపి నిలబడి ఉంది. మా అమ్మాయి చేతిలో టేపు. ఖాలా పెద్ద మనిషి. భుజాలు, చేతులు, పొట్ట అన్నీ పెద్దవే. "నా జాకెట్టుకి కొలత తియ్యి బేటీ. సరిగ్గా తియ్యకపోతే నీ తోలు ఒలుస్తా" అంటోంది. అమ్మాయి టేపు చుట్టి, అంకె చూసి, చెప్పడానికి మొహమాటపడింది.

"సెప్పు, సెప్పు. నాది నేనే సెప్తా, నలభై నాలుగా? నలభై నాలుగున్నరా? రాయి" అని ఖాలాయే గట్టిగా నవ్వింది. ఇంకొకరి అంకె ఒక్కనాడూ పైకి చెప్పని మనిషి, తన అంకెను ఆ గదంతా వినేట్టు చెప్పింది. తర్వాత కొలతల పుస్తకం తెచ్చి పిల్ల ఒళ్లో పెట్టింది. అందులో తనకోసం ఒక పేజీ ఉందట. నాకూ తెలియదు. పెళ్లయిన కొత్తలో మొదటి గీత, ఆ తర్వాత ఏడాదికో రెండేళ్లకో ఒక గీత, వయసంతా అక్కడుంది. "ఇది పెద్దోడు పుట్టినాక. ఇది రెండోదాన్ని కన్నప్పుడు. ఇది మోకాళ్లు నొప్పులొచ్చి నడిసేది తగ్గినాక" అని వేలు పెట్టి చూపిస్తోంది, ఏదో తన ఊళ్లు చూపిస్తున్నట్టు.

అమ్మాయి ఒక చోట ఆగింది. "ఈ ఏడాది ఒక్కటీ ఇంత తక్కువేంది ఖాలా?"

ఖాలా ఆ గీతను బొటనవేలితో రుద్దింది. "ఆ యేడు మా ఆయన పొయ్యినాడు. ముద్ద గొంతులోకి దిగలా. నెలలు నెలలు దిగలా. అప్పుడు వీధిలో అందరూ ఏమన్నారో తెల్సా నీకు? బాగుండావు ఖాలా, సన్నంగా బాగుండావు, ఏం తింటాండావో మాకూ సెప్పు అన్నారు. ఏం సెప్పల్ల నేను వోళ్లకి?"

మునెమ్మ చేతిలో సూది ఆగింది. నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. అంతకు ఆరేళ్ల ముందు అట్లా అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. పరామర్శకు వెళ్లిన నెలకే, ఇదే గుమ్మంలో నిలబడి, "ఏం తింటున్నావు ఖాలా" అని అసూయగా అడిగాను. ఆమె అప్పుడు నవ్వి ఊరుకుంది. ఇప్పుడు కూడా నాకేసి చూడలేదు. ఆ క్షమను నేను ఇంకెక్కడా చూడలేదు. ఆమె ముందు అంత చిన్నదాన్ని నేనెప్పుడూ కాలేదు.

మా అమ్మాయి ఆ పేజీని చాలాసేపు చూసింది. తర్వాత పుస్తకం మూసి, ఖాలా భుజానికి తల ఆనించుకుంది.

అప్పటినుంచి ఒంటిగంటకు నేనూ చాప మీదికి వచ్చేదాన్ని. డబ్బాలో కీరదోస లేదు. అన్నం, పప్పు, వేపుడు, ఏది వండితే అది. మొదటి రోజు కలిపిన ముద్దను రెండుసార్లు డబ్బాలోనే వదిలేశాను. మీకు నవ్వుగా ఉంటుంది, పెద్దమనిషికి అన్నం తినడానికి భయమేంటని. కానీ ఉంది. నా కూతురు చూస్తుండగా నేను ముద్ద తర్వాత ముద్ద తిన్నాను, రుచి తెలిసేదాకా తిన్నాను. అమ్మాయి ఖాళీ చేతులతో కూర్చునేది. ఒక్కరూ "తిను" అనలేదు. ఒకసారి నోరు తెరవబోతే ఖాలా కళ్లతోనే ఆపేసింది. అట్లా ఎన్ని రోజులో. నాకు ఒక యుగం.

ఒకరోజు మునెమ్మ సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి ఊరుబిండి వేసుకుంటుంటే అమ్మాయి అడిగింది. "అది కారంగా ఉంటుందా?"

"ఉంటాది. వేరుశెనక్కాయలేసి నూరినా, శానా ఏం ఉండదులే" అంది మునెమ్మ, తల ఎత్తకుండా.

"నాక్కూడా కొంచెం."

మునెమ్మ పెట్టింది. ఎవరూ ఎవరికేసీ చూసుకోలేదు. మాటలు కరెంటు బిల్లు మీదికి పోయాయి. నేను చూసింది ఒక్కటే, ఖాలా చేతిలో ముద్ద నోటి దాకా వచ్చి అక్కడే ఒక్క క్షణం ఆగింది. తర్వాత తినేసింది.

అక్కడితో అంతా చక్కబడిందని చెప్పను. మంచి వారాలూ, చెడ్డ వారాలూ ఉన్నాయి. డాక్టరమ్మ దగ్గరికి రెండేళ్లు తిరిగాం. నేను మా బరువు చూసుకునే మిషన్‌ను పాత సామాన్లతనికి ఇచ్చేశాను. అతను దాన్ని తన తక్కెట్లో వేసి తూచి, బదులుగా ఉల్లిపాయలు ఇచ్చాడు. ఆ రోజు పదేళ్ల తర్వాత మొదటిసారి ఉల్లిపాయ పకోడీలు వేసుకుని, లెక్కపెట్టకుండా, మా ఇంటిల్లిపాదీ తిన్నాం. అమ్మాయి సెలవుల్లోనే కాదు, స్కూలు అయ్యాక కూడా ఖాలా దగ్గరికి వెళ్లేది. కాజాలు కుట్టేది, ఆమె దఖ్నీ ఉర్దూలో చెప్పే కబుర్లు వినేది.

అందుకే ఆ శుక్రవారం కాలేజీ నుంచి వెళ్తూ నాకు రెండు భయాలు. ఒకటి ఖాలాను చూడటం. రెండోది మా అమ్మాయికి చెప్పడం.

చెప్పాను. ఇద్దరం ఖాలా ఇంటికి వెళ్లాం. తెల్లగుడ్డలో ఆమె ముఖం ఒక్కటే కనిపిస్తోంది. జుమ్మా తర్వాత మగవాళ్లు వచ్చి తీసుకెళ్లారు. అమ్మాయి ఏడవలేదు. ఇంటికొచ్చి పడుకుంది. రాత్రి "ఆకలి లేదు" అంది. శనివారం పొద్దున అదే మాట. మధ్యాహ్నం పాలు సగం గ్లాసు. నాలుగేళ్ల కిందట మూసిన తలుపు మళ్లీ కిర్రుమన్నట్టయింది నాకు. దుఃఖంలో ముద్ద దిగకపోవడం సహజమేనని ఖాలాయే చెప్పింది. కానీ ఆమెకు అది నెలలు పట్టింది. నా బిడ్డకు అన్ని నెలలు ఇచ్చే ధైర్యం నాకు లేదు.

ఆదివారం మళ్లీ ఆ ఇంటికి వెళ్లాం. చావు జరిగిన ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగు ఇళ్ల నుంచి తిండి వస్తోంది. ఆడవాళ్ల గదిలో దస్తర్‌ఖాన్ పరిచారు. బగారా అన్నం, దాల్చా. ఖాలా కోడలు, మునెమ్మ, వీధి ఆడవాళ్లు ఐదారుగురు. అమ్మాయి నా పక్కన మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. ఆమె ముందు పళ్లెం ఖాళీగా ఉంది.

"తిను" అనే మాట నా పళ్ల దాకా వచ్చింది. మింగేశాను. అన్నం వడ్డించుకున్నాను. దాల్చా పోసుకుని కలిపాను. ముద్ద పెట్టుకున్నాను. నాకు ఆకలి ఉంది. రెండు రోజులు ఏడ్చి, పరుగులు పెట్టి, నిజంగానే ఆకలేసి ఉంది. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా తిన్నాను. దాల్చాలో సొరకాయ ముక్క మెత్తగా ఉడికి పుల్లగా ఉంది. బాగుంది, అదే పైకి అన్నాను కూడా. "దాల్చా బాగుంది."

కాసేపటికి నా పళ్లెంలోకి ఒక చేయి వచ్చింది. నేను కలిపిన అన్నంలోంచే ఒక ముద్ద తీసుకుంది. నేను తల తిప్పి చూడలేదు. ఇంకో ముద్ద. "అమ్మా, ఇంకొంచెం పోయించుకో, చాలదు" అంది మా అమ్మాయి. అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూ తింది, తింటూ ఏడ్చింది.

ఖాలా కోడలు మాట్లాడటం మొదలుపెట్టింది. తాను కొత్తకోడలిగా వచ్చినప్పుడు ఖీర్‌లో చక్కెర బదులు ఉప్పు వేస్తే అత్త ఏం చేసిందో చెప్పింది. మునెమ్మ ఇంకొకటి చెప్పింది. మా అమ్మాయి నాకు తెలియనిది ఒకటి చెప్పింది. ఒకరి తర్వాత ఒకరం చెప్పుకుంటూ, నవ్వుకుంటూ, మళ్లీ ఏడ్చుకుంటూ ఉన్నాం. పళ్లేలు ఎప్పుడో ఖాళీ అయ్యాయి. వేళ్లకు అంటిన అన్నం ఎండి, చేతులు బిగుసుకుపోయాయి. కడుక్కోవడానికి ఎవ్వరం లేవలేదు.